రెప్ టీమ్‌కి సరే అనే ముందు

రెండేళ్ళ క్రితం సంగతి. సాఫ్ట్‌బాల్ సీజన్ మొదలైన కొత్తలో ఒక శనివారం, రూటీ హిల్ మైదానంలో మా అమ్మాయి క్లబ్ మ్యాచ్ అయిపోయింది. మడత కుర్చీలు, ఎస్కీ కారు డిక్కీలో సర్దుకుంటున్నాను. ఒక కోచ్ గారు వచ్చి, "మీ అమ్మాయి పిచింగ్ బాగుంది, రెప్ ట్రయల్స్‌కి తీసుకురండి" అన్నారు. "తప్పకుండా" అనేశాను. అడగవలసిన ప్రశ్న ఒక్కటి కూడా అడగలేదు. ఇంటికి చేరగానే డల్లాస్‌లో ఉన్న మా బాబాయిగారి అబ్బాయికి ఫోన్ చేసి చెప్పడం కూడా అయిపోయింది. మా ఆవిడకి మాత్రం రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ఆవిడ ఒక్క మాటే అడిగింది, "ఆదివారాలా?" అని. నా దగ్గర జవాబు లేదు.

ఈ ఏడాది మన బడిలో కనీసం నాలుగు కుటుంబాల వాళ్ళు టీ తాగేటప్పుడు నన్ను ఇదే విషయం అడిగారు. ఒకరిది సాకర్, ఒకరిది క్రికెట్, ఇద్దరిది సాఫ్ట్‌బాల్. అందుకని ఈసారి సావనీరులో పండుగల గురించి కాకుండా దీని గురించి రాస్తున్నాను.

ముందు తెలియనివారి కోసం రెండు ముక్కలు. క్లబ్ ఆట అంటే మన పేటలో, మన మైదానంలో, వారానికి ఒక మ్యాచ్. ఫీజు కట్టిన ప్రతి పిల్లకీ చోటు ఉంటుంది. రెప్ అంటే ఆ క్లబ్బులన్నిటిలోంచి ఎంపిక చేసిన జట్టు. అసోసియేషన్ పేరు మీద వేరే ఊళ్ళకు వెళ్ళి, వేరే అసోసియేషన్ల జట్లతో ఆడుతుంది. అమెరికాలో మన చుట్టాలు 'ట్రావెల్ టీమ్' అని చెప్పేది ఇంచుమించు ఇలాంటిదే. కాకపోతే అక్కడ అది చాలావరకు ప్రైవేటు వ్యాపారం, ఇక్కడ అసోసియేషన్ వాలంటీర్లు నడిపేది.

నేను ఆటలకు వ్యతిరేకిని కాదు. పైగా బ్లాక్‌టౌన్‌లో ఉంటూ సాఫ్ట్‌బాల్‌ని తక్కువ చేసి మాట్లాడితే పాపం! 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ జరిగింది మన రూటీ హిల్‌లోనే, అక్విలినా రిజర్వ్‌లో. మనలో చాలామంది దాని పక్కనుంచి ఎం సెవెన్ ఎక్కి ఆఫీసుకి పోతూ కూడా ఆ సంగతి ఎరగరు. ఆ పోటీల్లో ఆస్ట్రేలియా అమ్మాయిలు 13 ఇన్నింగ్స్ దాకా సాగిన మ్యాచ్‌లో అమెరికాని 2-1తో ఓడించారు. పీటా ఎడిబోన్ కొట్టిన హోమ్ రన్‌తో మ్యాచ్ ముగిసింది. మామూలుగా ఈ ఆట 7 ఇన్నింగ్స్ అని గుర్తు పెట్టుకుంటే ఆ 13 విలువ తెలుస్తుంది. చివరికి బంగారు పతకం అమెరికాకే వెళ్ళింది, మనకు కాంస్యం వచ్చింది. 1996 నుంచి 2008 దాకా నాలుగు ఒలింపిక్స్‌లోనూ ఆస్ట్రేలియా వరుసగా పతకాలు తెచ్చుకుంది. తర్వాత ఆటను ఒలింపిక్స్ నుంచి తీసేశారు, టోక్యోలో మళ్ళీ పెట్టారు, 2024 పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లో మళ్ళీ ఉంది. అలాంటి గడ్డ మీద మన తెలుగు పిల్ల బంతి విసురుతుంటే చూడడం ఎంత సంతోషమో నాకు తెలుసు.

ఆ సంతోషంలోనే నేను తొందరపడ్డాను. ఆ తొందర నా ఒక్కడిదే కాదనుకుంటాను. మన తరం వాళ్ళం ఎంట్రన్స్ పరీక్షల్లోంచి వచ్చిన వాళ్ళం. ఎంసెట్ ర్యాంకు, కౌన్సెలింగ్, క్యాంపస్ ఇంటర్వ్యూ... 'సెలెక్టెడ్' అనే మాట చెవిన పడితే చాలు, దేనికి అని అడక్కుండానే సంతకం పెట్టేస్తాం. వచ్చిన సీటు వదులుకోవడం అనేది మన రక్తంలో లేదు. దానికి తోడు ఇంకో సంగతి ఉంది, చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఆ మైదానంలో రెండేళ్ళపాటు మాదొక్కటే ఇండియన్ కుటుంబం. ఎవరూ మమ్మల్ని తక్కువగా చూడలేదు, అయినా కుర్చీ ఎక్కడ వేసుకోవాలో తోచేది కాదు. కోచ్ వచ్చి పేరు పెట్టి పిలిచి మాట్లాడేసరికి, పిల్లతోపాటు నేను కూడా జట్టులో చేరినట్టు అనిపించింది. అంటే ఆ రోజు నేను "తప్పకుండా" అన్నది సగం నా కోసమే.

సరే, ఆదివారాల సంగతికి వద్దాం. సాఫ్ట్‌బాల్ ఇక్కడ ఎండాకాలం ఆట. క్లబ్ సీజన్ సుమారుగా అక్టోబరులో మొదలై మార్చిలో ముగుస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే దసరా నుంచి ఉగాది దాకా! దీపావళి, సంక్రాంతి అన్నీ ఆ మధ్యలోనే. మన తెలుగు బడి ఏడాదికి నాలుగు టర్ములు. అందులో నాలుగో టర్ము, మళ్ళీ వచ్చే మొదటి టర్ము ఆటల సీజన్లో పడతాయి. శనివారం క్లబ్ మ్యాచ్, ఆదివారం పొద్దున రెప్ ప్రాక్టీసు, మధ్యలో టోర్నమెంటు వస్తే శని, ఆదివారాలు రెండూ. మొదటి ఏడు మా అమ్మాయి ఆ రెండు టర్ముల్లో కలిపి తెలుగు క్లాసుకి వచ్చింది ఆరుసార్లు. క్లాసు చెప్పేది ఎవరంటారా? నేనే! మిగతా పిల్లల తల్లిదండ్రులకు "ఒక్క వారం కూడా మానిపించకండి" అని ఈమెయిలు పంపేదీ నేనే.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది అన్నిటికన్నా తేలికైన ప్రశ్న. కాగితం మీద రాసి ఇచ్చిన ఫీజుని చూసి నిర్ణయించుకోకండి. జట్టు జాకెట్టు, బ్యాగు, రెండో జత ప్యాంట్లు, ఫీల్డింగ్ మాస్కు, మోటెల్, పెట్రోలు, టోలు, టోర్నమెంటు రోజుల్లో బయటి తిండి ఇవన్నీ దానికి బయట. మా ఇంట్లో ఏడాది చివర ఎక్సెల్ షీటు వేసి చూస్తే, మొదట అనుకున్నదానికి దాదాపు మూడింతలైంది. రాష్ట్ర ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన యాక్టివ్ కిడ్స్ వోచరు తొలినాళ్ళలో బడికి వెళ్ళే ప్రతి పిల్లకీ 100 డాలర్లు ఇచ్చేది. 2024 ఫిబ్రవరి నుంచి అది ఆదాయాన్ని బట్టి, 50 డాలర్ల చొప్పున ఏడాదికి రెండుసార్లు అయింది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో చాలామందికి రాదు. అసోసియేషన్‌ని అడిగితే పాత సామాను దొరుకుతుంది, వాయిదాలు ఇస్తారు. అడగడానికి మొహమాటపడకండి.

డల్లాస్ తమ్ముడు మాత్రం ఫోన్లో వేరే లెక్క చెప్పాడు. "అన్నయ్యా, ఇప్పుడు ఖర్చు పెడితే రేపు కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుంది" అని. ఆ మాట విని నేనూ ఒక నెల పగటికలలు కన్నాను. తర్వాత చదివితే తెలిసింది ఏమిటంటే, అక్కడి పెద్ద కాలేజీల పోటీల్లో, అంటే ఎన్‌సీఏఏ డివిజన్ వన్‌లో, 2024-25 దాకా ఒక సాఫ్ట్‌బాల్ జట్టుకి మొత్తం 12 స్కాలర్‌షిప్పులే. వాటినే ముక్కలు చేసి జట్టులో ఉన్నవాళ్ళకి పంచేవారు. 2025-26 నుంచి పద్ధతి మార్చారు, కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీల్లో జట్టుకి 25 మంది పరిమితి పెట్టి, వాళ్ళల్లో ఎంతమందికైనా ఇచ్చుకోవచ్చన్నారు. కానీ ఇవ్వాలని నిర్బంధం లేదు. డివిజన్ త్రీలో ఆటకని స్కాలర్‌షిప్పే లేదు. ఇక్కడ మన విశ్వవిద్యాలయాల్లో సీటు కోసం చూసేది ముఖ్యంగా ఏటార్ మార్కు. 12 ఏళ్ళ పిల్ల బంతి విసురుడు మీద పెట్టుబడి లెక్క వేయకండి. ఆట ఆటగానే నచ్చితే ఖర్చు పెట్టండి, లేకపోతే లేదు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న విషయం. సాఫ్ట్‌బాల్లో పిచర్ చెయ్యిని గాలిమరలా చుట్టూ తిప్పి, నడుము కింద నుంచి బంతి వదులుతుంది. (మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు "పిచ్చరా? అదేం పేరురా" అని నవ్వింది.) కింద నుంచి వేసేది కదా, భుజానికి ఏమీ కాదని అందరూ అంటారు. నేనూ నమ్మాను. అది నిజం కాదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడిన పిచర్లను కొలిచి చేసిన ఒక పరిశోధనలో, బంతి విసిరేటప్పుడు భుజం కీలుని బయటికి లాగే బలం సగటున మనిషి బరువులో 80 శాతం దాకా ఉందని తేలింది. వాళ్ళు కండలు తిరిగిన పెద్దవాళ్ళు. బేస్‌బాల్లో చూస్తే, అమెరికా లిటిల్ లీగ్ 2007 నుంచే పిల్లలు రోజుకి ఇన్ని బంతులే విసరాలని పరిమితి పెట్టింది. సాఫ్ట్‌బాల్ పిల్లకి చాలాచోట్ల కోచ్ దయే పరిమితి. టోర్నమెంట్లో ఒక రోజుకి మూడు మ్యాచ్‌లు ఉంటాయి. జట్టులో బాగా వేసే పిచర్ ఒక్కతే అయితే ఏమవుతుందో ఊహించుకోండి.

మాకు ఊహించుకోవలసిన పని లేకపోయింది. ఫిబ్రవరిలో ఒక టోర్నమెంటుకి మూడు గంటలు ప్రయాణం చేసి వెళ్ళాం. రెండో రోజు మూడో మ్యాచ్‌లో మా అమ్మాయి విసిరే తీరు మారిందని నాకు అర్థమైంది, కానీ ఎండ వల్ల అలసట అనుకున్నాను. జట్టు గెలిచింది. ఫోటోలు దిగాం. తిరుగు దారిలో చిప్స్ పాకెట్ విప్పమని తమ్ముడికి ఇచ్చింది. ఎందుకే అంటే, కుడి చెయ్యి పైకి లేవడం లేదంది. ఎప్పటి నుంచి అంటే, "నిన్న పొద్దుటి నుంచి" అంది. మరి ఎందుకు చెప్పలేదు అని నేను కొంచెం గట్టిగానే అడిగాను. "నువ్వు అంత డబ్బు కట్టావు కదా నాన్నా. మోటెల్‌కి కూడా" అంది.

నేను ఇంట్లో ఆ ఖర్చుల గురించి విసుక్కున్న మాటలు అన్నీ ఆ పిల్ల విన్నది. ఆ మాట తర్వాత బ్లాక్‌టౌన్ దాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. ఫిజియో దగ్గర ఆరు వారాలు పట్టింది. అదృష్టం కొద్దీ పెద్ద దెబ్బ కాదు. కోచ్ మీద నాకు కోపం లేదు. ఆయన తన సెలవులు పెట్టుకుని పిల్లలకి నేర్పుతున్న మనిషి, పిల్ల చెప్పనిది ఆయనకి ఎలా తెలుస్తుంది? "జట్టులో పిచర్లు ఎంతమంది? రోజుకి ఒకరు ఎన్ని ఇన్నింగ్స్ వేస్తారు? నొప్పి అని పిల్ల చెబితే ఏం చేస్తారు?" అని మొదటి రోజే అడగాల్సింది నేను.

ఇదే విషయం మీద అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఒక నివేదిక ఇచ్చింది. 15, 16 ఏళ్ళు వచ్చేదాకా ఒకే ఆటకి కట్టుబడకుండా ఉంటే మంచిదని, తాము ఎంచుకున్న ఆట నుంచి వారంలో ఒకటి రెండు రోజులు, ఏడాదిలో నెల చొప్పున మొత్తం మూడు నెలలు సెలవు ఉండాలని అందులో ఉంది. క్లబ్, రెప్, స్కూలు జట్టు, చలికాలం అకాడమీ అని నాలుగూ పెట్టుకుంటే ఆ మూడు నెలలు ఎక్కడి నుంచి వస్తాయి? ఏ కోచ్‌కి ఆ కోచ్ తన వారం మాత్రమే చూస్తారు. మొత్తం ఏడాదిని చూడగలిగింది ఇంట్లో వాళ్ళే.

ఇంట్లో వాళ్ళు అంటే గుర్తొచ్చింది. ఆడేది ఒక్కరే అయినా వెళ్ళేది కుటుంబం అంతా. మా చిన్నవాడు ఆ ఏడు ఎండాకాలం మొత్తం మడత కుర్చీలో కూర్చుని ఐప్యాడ్ చూశాడు. వాడికి అప్పుడు ఏడేళ్ళు. పడమటి సిడ్నీ ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు, 2020 జనవరి 4న పక్కనే పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. మా అమ్మ ఆరు నెలల వీసా మీద వచ్చి, అందులో సగం వారాంతాలు ఖాళీ ఇంట్లో టీవీ ముందు గడిపింది. "ఏరా, పిల్లకి ఆదివారం కూడా సెలవు లేదా?" అని రెండుసార్లు అడిగి, తర్వాత అడగడం మానేసింది. పిల్ల నానమ్మతో తెలుగులో మాట్లాడడానికి దొరికిన ఆరు నెలలు అవి. అవి ఏ టర్ములోనూ మళ్ళీ రావు. పైగా తల్లిదండ్రులకీ డ్యూటీలు ఉంటాయి. సాసేజ్ సిజిల్, క్యాంటీను, స్కోరింగు. స్కోరు షీటు మొదటిసారి చూసినప్పుడు ఎవరో రాసి వదిలేసిన పాత కోబాల్ ప్రోగ్రాం లాగా అనిపించింది నాకు. తర్వాత అదే బాగా నచ్చింది, ఇప్పటికీ క్లబ్ మ్యాచ్‌లకి నేనే రాస్తాను.

ఇంకో రెండు విషయాలు అడగండి. మొదటిది, అందరినీ సమానంగా ఆడిస్తారా, గెలవడానికి ఆడిస్తారా? రెప్ అంటే ఎక్కువగా రెండోదే. తొమ్మిదిమందే మైదానంలో ఉంటారు, పన్నెండో పిల్ల మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. మీ పిల్ల ఆ పన్నెండో పిల్ల అయితే ఎలా ఉంటుందో ముందే తనతో మాట్లాడండి. రెండోది, రాత్రి బస. ఎవరి కారులో వెళతారు, ఏ గదిలో ఎవరు పడుకుంటారు, కోచ్‌లకీ మేనేజర్‌కీ వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ ఉందో లేదో క్లబ్ సరిచూసిందా? ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్ళు నోరు మెదపరు. ఇక్కడి తల్లులు నిలబెట్టి అడుగుతారు, ఎవరూ ఏమీ అనుకోరు. శాకాహారం సంగతి కూడా అప్పుడే చెప్పేయండి, లేకపోతే రెండు రోజులూ చిప్స్ మీదే బతకాలి.

పిల్లలూ, ఈ ఒక్క పేరా మీకు. అమ్మానాన్నలు చదివి వినిపిస్తారులెండి. నొప్పి పుడితే చెప్పడం అంటే జట్టుని వదిలేయడం కాదు. ఫీజు గురించి ఆలోచించడం మీ పని కాదు, అది మా పని. మీ స్నేహితురాలు వెళుతోందని వెళ్ళాలనిపిస్తే అది కూడా మంచి కారణమే, కాకపోతే ఆ సంగతి పైకి చెప్పండి. వద్దు అనిపిస్తే అది కూడా చెప్పండి. మేము నాలుగు రోజులు మొహం ముడుచుకుంటాం, ఐదో రోజు మామూలైపోతాం.

ఇవన్నీ విని "అయితే రెప్ వద్దంటారా?" అని అడిగారు మొన్న ఒకరు. వద్దనడం లేదు. ఆ ఒక్క ఏడులో మా అమ్మాయి నేర్చుకున్నవి నేను నేర్పలేనివి. ఓడిపోయి వచ్చి కూడా అవతలి జట్టుతో చేతులు కలపడం, అరిచే అంపైర్ ముందు నోరు అదుపులో పెట్టుకోవడం, తన కిట్ తానే సర్దుకోవడం. ఊరుకాని ఊళ్ళో, ఎవరో ఇచ్చిన మంచం మీద నిద్రపోవడం కూడా. ఆ జట్టులో ఇద్దరు అమ్మాయిలు ఇప్పటికీ మా ఇంటికి వచ్చి మా ఆవిడ చేతి పెసరట్టు తింటారు. ఒకమ్మాయి అయితే "ఇంకొకటి" అని తెలుగులోనే అడుగుతుంది. ఆరోజు పార్కింగులో ఐదు నిమిషాల్లో నేనొక్కణ్ణే చెప్పిన జవాబు, ఇంట్లో వాళ్ళందరం కూర్చుని ఒక వారం ఆలోచించి చెప్పాల్సింది. నా అభిప్రాయం అంతే.

పోయిన ఏడు మా అమ్మాయి క్లబ్ మాత్రమే ఆడింది. శనివారం ఆట, ఆదివారం తెలుగు. ఈ ఏడు వేరే కోచ్ గారు మళ్ళీ పిలిచారు. ఈసారి "ఒక వారం టైమివ్వండి" అన్నాను. ఆయన వెంటనే సరేనన్నారు. ఇంత తేలికా అనిపించింది! పైన రాసిన ప్రశ్నలన్నీ ఈమెయిల్లో పంపితే ఓపికగా జవాబిచ్చారు. జట్టుకి ముగ్గురు పిచర్లట. ఆదివారం ప్రాక్టీసుకి మా అమ్మాయి తెలుగు క్లాసు అయ్యాక ఒక గంట ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేదట. టోర్నమెంటు వారాల్లో మాత్రం ఆ మినహాయింపు లేదన్నారు, అది న్యాయమే.

సీజన్ క్యాలెండరు ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాం. టోర్నమెంట్లు ఎర్రగా, తెలుగు బడి ఆకుపచ్చగా. చిన్నవాడు తన చెస్ పోటీలు నీలంతో గీసుకున్నాడు, దీపావళి మీద ఒక చిచ్చుబుడ్డి బొమ్మ వేశాడు. మా ఆవిడ జనవరిలో ఒక వారాంతం మీద "ఎక్కడికీ వెళ్ళం" అని రాసింది. అమ్మాయి ఇంకా ఏమీ చెప్పలేదు. శుక్రవారం దాకా తనకి గడువు ఉంది, నేను అడగనని మాట ఇచ్చాను. ఇవాళ బుధవారం.